కుష్ఠుపొడలోంచి ‘కుష్ఠు’ను తీసేయండి

తెలుగు బైబిలు అనువాదకులకు, సంఘకాపరులకు, ఆదివారం బడి ఉపాధ్యాయులకు ఒక విశ్వాసి బహిరంగ లేఖ

పూజ్యులారా,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు.

నేను ప్రభుత్వ ఆరోగ్యశాఖ లెప్రసీ విభాగంలో డీపీఎంఓగా, అంటే డిప్యూటీ పారామెడికల్ ఆఫీసరుగా, పనిచేసి రిటైరయ్యాను. ఇంటింటికీ వెళ్ళి వీపుల మీదా చేతుల మీదా మచ్చలు వెతకడం, మందుల అట్టలు చేతికిచ్చి అవి అయిపోయేదాకా వెంటపడి మింగించడం నా ఉద్యోగం. పుట్టి పెరిగింది సంఘంలో. ఆదివారం బడిలో పిల్లలకి పాఠాలు చెప్పాను, స్త్రీల కూటాల్లో వాక్యం చదివాను. వారమంతా ఏ భయాన్ని పోగొట్టడానికి తిరిగానో, ఆ భయాన్నే ఆదివారం మన వేదిక మీదినుంచి మళ్ళీ మళ్ళీ విన్నాను. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మనం ఆరాధనలో చదువుకునే తెలుగు బైబిల్లో లేవీయకాండం 13, 14 అధ్యాయాల నిండా ‘కుష్ఠుపొడ’ అన్న మాట ఉంది. వచ్చే సవరణలో దాన్ని మార్చండి. అంతవరకూ పేజీ అడుగున ఒక గమనిక వేయండి. ‘పాపమనే కుష్ఠు’ అని ప్రసంగించడం ఆపండి. జబ్బు పేరు వినసొంపుగా లేదని కాదు నా బాధ. అక్కడ మోషే చెప్పిన జబ్బు ఇది కాదు. ఒకదాని పేరు ఇంకొకదానికి పడింది. ఆ పొరపాటు ఇంగ్లీషులో ‘లెప్రసీ’ అన్న మాట పుట్టుకలోనే ఉంది, మన తెలుగులోకీ వచ్చింది.

ఆ రెండు అధ్యాయాలనీ ఒకసారి నిదానంగా చదువుదాం. మచ్చలో వెంట్రుకలు తెల్లబడ్డాయా, మచ్చ చర్మం కంటె పల్లంగా కనిపిస్తోందా అని యాజకుడు చూడాలి. తేలకపోతే ఆ మనిషిని 7 రోజులు కడగా ఉంచి మళ్ళీ చూడాలి, ఇంకో 7 రోజులు ఆగి మళ్ళీ చూడాలి. లెప్రసీలో 7 రోజులకి ఏమీ తేలదు. ఆ సూక్ష్మజీవి ఒకటి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. అది ఒంట్లో చేరాక మొదటి మచ్చ బయటపడడానికి సగటున 5 ఏళ్ళు, ఒక్కోసారి 20 ఏళ్ళు కూడా పట్టొచ్చు. ఇంత నెమ్మదిగా నడిచే జబ్బు మనుషులకి వచ్చేవాటిలో అరుదు. వారానికి వారం మారేది ఏదైనా అది వేరే చర్మవ్యాధి.

మేము లెప్రసీ మచ్చని ఎలా గుర్తుపడతామో చెబుతాను. అది మంచులా తెల్లగా ఉండదు. చుట్టుపక్కల చర్మం కంటె కాస్త పాలిపోయి ఉంటుంది, లేదా రాగి ఛాయలో ఎర్రగా ఉంటుంది. దురద ఉండదు, నొప్పి ఉండదు. కళ్ళు మూసుకోమని చెప్పి, ఆ మచ్చ మీద బాల్‌పెన్ను మొనతో మెత్తగా తాకి, ‘ఎక్కడ తగిలిందో వేలితో చూపించమ్మా’ అని అడుగుతాం. చూపించలేకపోతే అక్కడ స్పర్శ పోయినట్టు. తర్వాత మోచేతి వెనక, మోకాలి పక్కన నరాలు తడిమి లావెక్కాయేమో చూస్తాం. ఈ జబ్బు అసలు నరాలది. చర్మం మీది మచ్చ దాని జాడ మాత్రమే. వేళ్ళు ముడుచుకుపోవడం, పాదం జారిపోవడం, కాలికి పుండు పడినా తెలియకపోవడం, కనురెప్ప మూతపడకపోవడం అన్నీ నరం దెబ్బతినడం వల్ల వచ్చేవే. వేళ్ళు వాటంతట అవి రాలిపోవు. నొప్పి తెలియక కాలిన చెయ్యి, కోసుకున్న చెయ్యి, ఎలుక కొరికిన వేలు పుండై, ఆ పుండు ముదిరి ఎముక అరిగిపోతుంది. వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ఏళ్ళ తరబడి పనిచేసి లోకానికి చూపించింది ఇదే.

లేవీయకాండంలో స్పర్శ పోవడం గురించి ఒక్క మాట లేదు. వేళ్ళ గురించి లేదు, కళ్ళ గురించి లేదు, ముక్కు గురించి లేదు. అంత సూక్ష్మంగా వెంట్రుక రంగు దాకా రాసిన గ్రంథం, ఊళ్ళో ఎవరికైనా కనబడే వంకర వేళ్ళని వదిలేస్తుందా? పైగా 13వ అధ్యాయం 12, 13 వచనాలు చూడండి. తలనుంచి పాదాల దాకా ఒళ్ళంతా తెల్లబడిపోతే ఆ మనిషి పవిత్రుడని యాజకుడు ప్రకటించాలి! మోషే అక్క మిర్యాము, ఎలీషా ప్రవక్త సేవకుడు గేహజీ మంచులా తెల్లబడ్డారని రాసి ఉంది. ఏ లెప్రసీ రోగీ మంచులా తెల్లబడడు. ఒళ్ళు తెల్లబడేది బొల్లిలో, పొలుసులు తెల్లగా రాలేది సోరియాసిస్‌లో. రెండూ అంటుకునేవి కావు.

ఇక బట్టల సంగతి. ఉన్ని బట్టకీ, నార బట్టకీ, తోలుకీ ఆ పొడ వస్తుందని అదే అధ్యాయం చెబుతుంది. 14వ అధ్యాయంలో ఇంటి గోడకి వస్తుంది, ఆకుపచ్చగానో ఎర్రగానో చారలు పడుతుంది. గోడకి లెప్రసీ రాదు. అది బూజు. నా దృష్టిలో ఆ అధ్యాయం మొత్తానికి తాళంచెవి 36వ వచనం. యాజకుడు ఇల్లు చూడడానికి రాకముందే లోపలి సామాను అంతా బయట పెట్టెయ్యమంటుంది. ఎందుకంటే ఆయన వచ్చి ‘అపవిత్రం’ అన్నాక లోపలున్నవన్నీ అపవిత్రమైపోతాయి. అంటుజబ్బు గురించి భయపడేవాళ్ళు ఎవరైనా అనుమానపు ఇంట్లోంచి సామాను తీసి ఊరి మధ్యలో పెట్టిస్తారా? అక్కడ మాట్లాడుతున్నది క్రిముల గురించి కాదు, ఆరాధనలో నిలబడే యోగ్యత గురించి. యాజకుడు మందివ్వలేదు, కట్టు కట్టలేదు. చూసి ప్రకటించాడు, అంతే.

నయమానునే తీసుకోండి. సిరియా సేనాధిపతి, ఆ రోగం ఉండగానే సైన్యాన్ని నడిపాడు. రిమ్మోను గుడిలో తన రాజు తన చేతి మీద ఆనుకుని నమస్కరిస్తాడని తానే ఎలీషాతో చెప్పాడు. ఆయన ఊరి బయట గుడారంలో లేడు, రాజు పక్కన ఉన్నాడు.

హీబ్రూ మూలంలో ఉన్న మాట ‘త్సారాత్’. మనిషి చర్మానికీ, బట్టకీ, గోడకీ వర్తించే మాట అది. దానికి సరిపోయే ఒక్క వైద్య పదం ఏ భాషలోనూ లేదు, ఎందుకంటే అది వైద్యులు పెట్టిన పేరు కాదు. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో యూదు పండితులు ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చినప్పుడు, త్సారాత్‌కి ‘లెప్రా’ అన్న మాట పెట్టారు. లెపిస్ అంటే గ్రీకులో పొలుసు. దాన్నుంచి లెప్రా అంటే పొలుసులు లేచే చర్మం. (సీతాకోకచిలుకలకి శాస్త్రజ్ఞులు పెట్టిన లెపిడాప్టెరా అన్న పేరు కూడా ఆ మాటతోనే. వాటి రెక్కల మీది పొడి అంతా సన్నటి పొలుసులే.) హిపోక్రటీసు పేరుతో ఉన్న గ్రంథాల్లో లెప్రా అంటే ఇలాంటి పొలుసుల జబ్బే, పెద్ద ప్రమాదమైనది కాదు. కాబట్టి ఆ పండితుల ఎంపిక తప్పనలేం. పొలుసు, పొడ, తెలుపు అన్నీ ఆ మాటలో సరిపోయాయి.

అయితే నిజమైన లెప్రసీకి గ్రీకు వైద్యులు వేరే పేరు పెట్టుకున్నారు, ఎలిఫాంటియాసిస్ అని. చర్మం ఏనుగు తోలులా మందమవుతుందని. కప్పడోకియా వైద్యుడు అరెటియస్ ఆ పేరుతోనే ముఖం మందమవడం, వేళ్ళు పాడవడం వర్ణించాడు. అంటే ఒకే భాషలో, ఒకే కాలంలో లెప్రా వేరు, ఈ జబ్బు వేరు. జెరోము 4వ శతాబ్దం చివర బైబిలుని లాటిన్‌లోకి తెచ్చినప్పుడు లెప్రా అన్న మాటనే ఉంచాడు. ఆ పైన అరబ్బు వైద్యుల గ్రంథాలు 11, 12 శతాబ్దాల్లో లాటిన్‌లోకి వచ్చాయి. అరబ్బీలో ఈ జబ్బు పేరు జుధామ్. ఏనుగు కాలు జబ్బు, మన బోదకాలు, అక్కడ వేరు. లాటిన్ వైద్యంలో పేర్లు తారుమారయ్యాయి. ఎలిఫాంటియాసిస్ అన్న పేరు పోయి పోయి బోదకాలుకి స్థిరపడింది. జుధామ్‌కి లెప్రా అన్న పేరు స్థిరపడింది. ఆ రోజు నుంచి లాటిన్ చదివే ప్రతి యాజకుడికీ, వేళ్ళు వంకరపోయిన మనిషి కనబడగానే లేవీయకాండం 13వ అధ్యాయం గుర్తుకొచ్చేది. ఆ మనిషి ఏ పాపం చేశాడో అన్న ప్రశ్న కూడా వెంటనే వచ్చేది. ఆ అధ్యాయం వైద్యుడి చేతిలోని పరీక్ష కాగితమైపోయింది. అందులో ఒక్క లక్షణం కూడా ఈ జబ్బుకి సరిగా సరిపోదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

దాని ఫలితం ఐరోపా అంతా చూసింది. ఈ రోగుల్ని ఉంచడానికి ఊరి బయట లాజర్ ఇళ్ళు కట్టారు. లూకా 16లో ధనవంతుడి గుమ్మం ముందు పడున్న లాజరు పేరు మీదే ఆ మాట పుట్టింది. లూకా రాసింది కురుపుల గురించే, లెప్రా అన్న మాట లాజరు విషయంలో ఆయన వాడనే లేదు. వైద్యుడైన సువార్తికుడు రాయని జబ్బుని మనం అంటగట్టాం. 1179లో రోములోని లాటెరన్‌లో జరిగిన మూడో క్రైస్తవ మహాసభ, ఆరోగ్యవంతులతో కలవనివ్వని ఈ రోగులకి వాళ్ళ సొంత గుడి, సొంత యాజకుడు, సొంత శ్మశానం ఉండనివ్వమని తీర్మానించింది. దయతో చేసిన తీర్మానమే అది. అయినా విడదీయడాన్ని అది ప్రశ్నించలేదు.

ఇంగ్లీషులో ఇంకో సంగతి జరిగింది. నన్ను అన్నిటికంటె ఎక్కువ కలవరపెట్టేది అదే. ఫ్రెంచి ద్వారా వచ్చిన ‘లెపర్’ అన్న మాటకి మొదట అర్థం జబ్బు. కాలం గడిచేకొద్దీ ఆ మాట జబ్బున్న మనిషికి పేరైపోయింది. జబ్బుకి మళ్ళీ కొత్త మాట కావలసి వచ్చి, 16వ శతాబ్దంలో ‘లెప్రసీ’ అన్నారు. జ్వరం వచ్చినవాణ్ణి జ్వరం అని పిలవం. ఈ ఒక్క జబ్బులోనే మనిషి మొత్తం జబ్బు కింద మాయమైపోయాడు. 1948లో హవానాలో జరిగిన అంతర్జాతీయ లెప్రసీ మహాసభ ‘లెపర్’ అన్న మాటని వదిలెయ్యమని తీర్మానించింది. భారతదేశంలో వెల్స్‌లీ బెయిలీ సేవతో 1874లో మొదలైన మిషన్ టు లెపర్స్ కూడా 1965లో తన పేరులోంచి ఆ మాట తీసేసి లెప్రసీ మిషన్ అయింది. మన మిషనరీ సంస్థే చేసింది కదా ఆ పని. బ్రెజిల్ 1995లో చట్టం చేసి ప్రభుత్వ కాగితాల్లో లెప్రా అన్న పేరే వాడకూడదంది, హాన్సెన్ పేరుతో పిలవాలంది. నార్వేలోని బెర్గెన్‌లో గెర్హార్డ్ హాన్సెన్ 1873లో ఈ జబ్బుకి కారణమైన సూక్ష్మజీవిని చూశాడు. అంతవరకూ వంశపారంపర్యం అన్నారు, శాపం అన్నారు. చివరికి ఆ సూక్ష్మజీవి పేరులోనూ ‘లెప్రే’ అనే ఉంది. పొలుసులకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

తెలుగుకి వద్దాం. విశాఖపట్నంలో 1805లో దిగిన మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్, వాళ్ళకి తోడుగా నిలిచిన ఆనందరాయర్ మొదలు, ఆ తర్వాత పాత నిబంధనని తెలుగు చేసిన పెద్దలందరి మీదా నాకు అపారమైన గౌరవం. వాళ్ళు ‘కుష్ఠు’ అన్న మాట ఎంచుకోవడం కూడా ఆ రోజుల్లో తప్పు కాదు. ఆయుర్వేదంలో కుష్ఠం అంటే ఒక జబ్బు కాదు. చరకుడూ సుశ్రుతుడూ 18 కుష్ఠాలు చెప్పారు, 7 మహాకుష్ఠాలు, 11 క్షుద్రకుష్ఠాలు. మనం తామర అనేదీ, గజ్జి అనేదీ వాటిలోనే ఉన్నాయి. అప్పటి పండితుడికి కుష్ఠం అంటే చర్మాన్ని చెరిచే జబ్బుల గుంపు. (అథర్వవేదంలోనైతే కుష్ఠం అంటే జ్వరం పోగొట్టే మూలిక. మన పచారీ కొట్లలో చెంగల్వకోష్టు అని అమ్మేది అదే.) త్సారాత్ లాగే, లెప్రా లాగే, కుష్ఠం కూడా వెడల్పాటి మాట. పొలుసుల జబ్బులకీ, మచ్చలకీ చోటున్న మాట. వెడల్పాటి మాటకి వెడల్పాటి మాట పెట్టారు, న్యాయమే.

కానీ భాష అక్కడే ఆగలేదు. ఊళ్ళో జనం ‘పెద్దరోగం’ అనేదాన్ని ప్రభుత్వం కుష్ఠువ్యాధి అంది. ఆసుపత్రి గోడ మీద, చట్టంలో, బడి పుస్తకంలో, ఆశా కార్యకర్త చేతిలోని కరపత్రంలో కుష్ఠు అంటే ఇప్పుడు ఒకే ఒక్క జబ్బు. తామర వచ్చినవాడికి కుష్ఠు వచ్చిందని ఏ తెలుగు మనిషీ అనడు. మాట సన్నబడిపోయింది. సన్నబడిన ఆ మాటతో లేవీయకాండం చదివితే, ‘అపవిత్రుడను, అపవిత్రుడను’ అని అరుస్తూ పాళెం వెలుపల బతకవలసింది నేను మందులిచ్చిన మనిషి అవుతుంది.

అలాంటి ఒక అమ్మ గురించి చెప్పాలి. మచ్చలు ఎక్కువున్నాయని ఏడాది పాటు మూడు మందుల అట్టలు వాడింది. ఒక్క నెల తప్పలేదు. ఆ మందుల్లో ఒకదానికి ఒళ్ళు నల్లబడుతుంది, ఒకదానికి మూత్రం ఎర్రగా వస్తుంది. అన్నీ ఓర్చుకుంది. జబ్బు నయమైంది. చిటికెన వేలు మాత్రం కాస్త వంగి ఉండిపోయింది. ఆమె సంఘంలో ఆ నెలంతా లేవీయకాండం మీద వరసగా ప్రసంగాలు చెప్పారు. ప్రభువు బల్ల నాడు ఆమెకి వేరే గిన్నెలో ద్రాక్షారసం పోసి ఇచ్చారు. ఎవరూ ఒక్క కటువైన మాట అనలేదట, చాలా మర్యాదగానే ఇచ్చారట. మర్నాడు నా దగ్గరికొచ్చి అడిగింది, ‘మేడమ్, మీరు జబ్బు పోయిందన్నారు. దేవుడు పోలేదంటున్నాడే!’

మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఈ జబ్బు ఇంకొకరికి అంటించే శక్తి పోతుందని, అసలు మనలో ఎక్కువమందికి దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుందని, కలిసి తిన్నంత మాత్రాన, ఒక గిన్నెలో తాగినంత మాత్రాన రాదని ఆమెకి చెప్పాను. ఆమెకి అవన్నీ తెలుసు. ఆమె అడిగినది ఆరోగ్యం గురించి కాదు, అనువాదం గురించి. దానికి జవాబు నా సంచిలో లేదు, మీ చేతుల్లో ఉంది.

దీనివల్ల నష్టం మనసుకి మాత్రమే కాదు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే లెప్రసీ కేసుల్లో సగానికి పైగా మన దేశంలోవే. పదివేల మందికి ఒకరి కంటె తక్కువకి దిగిందని 2005 చివర్లో దేశం ప్రకటించుకున్నాక చాలామంది ఇది పోయిందనుకున్నారు. పోలేదు. మచ్చ కనబడగానే వచ్చి చూపించుకున్నవాళ్ళకి వంకర వేళ్ళు రావు, మందు ఉచితం, ఆర్నెల్లో ఏడాదో వాడితే సరి. రానివాళ్ళు ఎందుకు రారు? పేరుకి భయపడి. మచ్చని నిండు చేతుల జాకెట్టు కింద దాచుకున్న ఆడపిల్లలని చూశాను. పెళ్ళి చెడుతుందని దాచుకుంటారు. ఈ జబ్బుని విడాకులకి కారణంగా చూపే వీలు మన చట్టాల్లో 2019 దాకా ఉంది. ఈ రోగుల్ని పట్టి బంధించే 1898 నాటి చట్టాన్ని 2016లో గాని రద్దు చేయలేదు. పార్లమెంటు తన పుస్తకాల్ని సరిచేసుకుంది. మన పుస్తకాన్ని చదివే తీరు మనం సరిచేసుకోలేమా?

మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. పొల్లయినా సున్నయినా తప్పిపోదని ప్రభువు చెప్పిన ధర్మశాస్త్రంలో మాట మార్చడమేమిటి అని. అయ్యగారూ, మోషే కుష్ఠు అని రాయలేదు. త్సారాత్ అని రాశాడు. మూలంలోని మాటకి దగ్గరగా వెళ్ళడమే నేను అడుగుతున్నది. ఇంగ్లీషులో ఎంతోమంది విశ్వాసులు చదివే న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్, 1980ల నాటి ప్రతుల్లోనే లేవీయకాండంలో లెప్రసీ అన్న మాట తీసేసి అంటుకునే చర్మవ్యాధి అంది, బట్టలకీ గోడలకీ బూజు అంది. 2011 నాటి ప్రతిలో అపవిత్రపరిచే చర్మవ్యాధి అంది. సువార్తల్లో మాట ఉంచి, గ్రీకులో ఆ మాట రకరకాల చర్మవ్యాధులకి వాడేవారని అడుగున గమనిక వేసింది. ఆ పని చేసినవాళ్ళు వాక్యాన్ని తేలిగ్గా తీసుకునే మనుషులు కారు. దక్షిణ భారతదేశంలో లెప్రసీకి సేవచేసిన మిషనరీ వైద్యుడు రాబర్ట్ కాక్రేన్ 1961లోనే దీని మీద చిన్న పుస్తకం రాశాడు, ఆ తర్వాత స్టాన్లీ బ్రౌన్ రాశాడు. ఇద్దరూ ప్రార్థించే వైద్యులే.

ఇంకొందరు, పేరు మారిస్తే అవమానం పోతుందా, కొత్త పేరుకీ అదే మకిలి అంటుతుంది కదా అంటారు. నిజమే, అంటుతుంది. హాన్సెన్ వ్యాధి అన్నా కొన్నాళ్ళకి ఆ పేరునీ గుసగుసలాడతారు. నేను జబ్బుకి పేరు మార్చమనడం లేదు. ఆసుపత్రిలో కుష్ఠు అనే మాటని ఉంచుకోండి, లెప్రసీ అనండి. మోషే చెప్పని జబ్బుని మోషే నోట పెట్టొద్దంటున్నాను, అంతే.

ఏ మాట పెట్టాలి అన్నదానికి నా దగ్గర ఒక మనవి ఉంది. మీరంతా పండితులు, దీన్ని మీ ముందు పెడుతున్నాను. హీబ్రూలో త్సారాత్‌కి ముందు తరచూ ‘నెగా’ అన్న మాట వస్తుంది. తాకిడి, దెబ్బ, దానివల్ల పడ్డ గుర్తు అని దానర్థం. మన పెద్దలు దానికి ‘పొడ’ అన్న అచ్చతెలుగు మాట పెట్టారు. ఎంత చక్కటి మాట! పొడ ఒంటి మీద పడుతుంది, బట్ట మీద పడుతుంది, గోడ మీద పడుతుంది. పొడ జబ్బు పేరు కాదు, కంటికి కనబడే గుర్తు పేరు. కుష్ఠుపొడలోంచి కుష్ఠు తీసేస్తే ‘పొడ’ మిగులుతుంది. కావాలంటే ‘అపవిత్రపు పొడ’ అనండి. ఆ అధ్యాయంలో ఉన్న భావం మొత్తం ఆ రెండు మాటల్లో పడుతుంది. ఆనాటి అనువాదకులు సగం జవాబు మనకి అప్పుడే రాసిపెట్టి వెళ్ళారు. సంఖ్యాకాండంలో మిర్యాముకీ, రాజుల గ్రంథంలో నయమానుకీ, గేహజీకీ, దినవృత్తాంతాల్లో ఉజ్జియాకీ ఇదే పనికొస్తుంది.

సువార్తల దగ్గర నేను అంత గట్టిగా చెప్పను. యేసు ప్రభువు కాలానికి ఈ జబ్బు ఆ దేశంలో అడుగుపెట్టింది. యెరూషలేము దగ్గర 1వ శతాబ్దపు సమాధిలో దొరికిన ఎముకల్లో ఈ సూక్ష్మజీవి జాడ బయటపడింది. మన రాజస్థాన్‌లోని బాలాథల్‌లోనైతే దాదాపు 4000 ఏళ్ళనాటి అస్థిపంజరంలోనే దీని గుర్తులున్నాయి. కాబట్టి గలిలయలో ప్రభువు ముట్టిన మనిషికి ఏ జబ్బుందో మనం ఖాయంగా అనలేం. అక్కడ ‘చర్మరోగి’ అన్నా, పాత మాట ఉంచి గమనిక వేసినా సరే. కానీ ‘కుష్ఠరోగి’ అన్నది మనిషికి పేరు కాకూడదు. ‘చర్మరోగం ఉన్న ఒక మనుష్యుడు’ అని రాస్తే ఆ మనిషి మనిషిగా మిగులుతాడు. మార్కు 1లో ప్రభువు చేసింది కూడా అదే. కనికరపడి, చెయ్యి చాపి, ముందు ముట్టాడు. శుద్ధుడివి కమ్మన్న మాట ఆ తర్వాత వచ్చింది.

సంఘకాపరులకి ప్రత్యేకంగా ఒక మాట. అనువాదం మారడానికి ఏళ్ళు పడుతుంది, ప్రసంగం మారడానికి ఒక్క ఆదివారం చాలు. పాపం కుష్ఠు లాంటిది, మెల్లగా తినేస్తుంది, దూరంగా వెళ్ళగొట్టాలి అని మీరు చెబుతున్నప్పుడు, ఆ వరసల్లో చేతులు కొంగులో దాచుకుని కూర్చున్నవాళ్ళు ఉంటారు. పాపాన్ని గురించి చెప్పడానికి బైబిల్లో కావలసినన్ని మాటలున్నాయి: అప్పు, భారం, బానిసత్వం, దారి తప్పిన గొర్రె. ఒక జబ్బుని తెచ్చుకోనక్కర్లేదు. ఆదివారం బడి బొమ్మల్లో పది మంది రోగుల కథకి వేళ్ళు లేని చేతులు గీయకండి. పిల్లలు ఆ బొమ్మని జీవితాంతం మోస్తారు.

డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అమ్మగారు శతాబ్దం కిందట చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లతో ఈ జబ్బుతో పోరాడిన నేల మనది. సాలూరులో మిషన్ ఆసుపత్రి ఏళ్ళ తరబడి ఇదే సేవ చేసింది. ఊరు వెలివేసినవాళ్ళని తెలుగు క్రైస్తవులు చేరదీసిన చరిత్ర మనకుంది. ఆ ఆసుపత్రుల్లో కట్లు కట్టిన చేతులే సాయంత్రం ప్రార్థనలో ఈ అధ్యాయాలు చదివాయి. వాళ్ళు అప్పట్లో ఎలా సమాధానపరుచుకున్నారో గాని, ఇప్పుడు మనకి తెలిసినదాన్ని బట్టి మనం చదవాలి.

జనవరి చివరి ఆదివారం ప్రపంచ లెప్రసీ దినం. మన దేశంలో జనవరి 30న గాంధీగారి వర్ధంతి నాడు జరుపుతారు. ఈసారి ఆ ఆదివారం మార్కు 1వ అధ్యాయం 40 నుంచి 45 దాకా చదివించండి. లేవీయకాండంలోని పొడ వేరు, ఈ రోజు మన ఊళ్ళో ఉన్న కుష్ఠువ్యాధి వేరు అని వేదిక మీదినుంచే సంఘానికి చెప్పండి. మీ పీహెచ్‌సీ నుంచి ఆశా కార్యకర్తనో, లెప్రసీ సిబ్బందినో పిలిచి, ఆరాధన అయ్యాక ఒక గదిలో స్త్రీలకి, ఒక గదిలో పురుషులకి మచ్చలు చూడమనండి. మొదటి చొక్కా కాపరి గారే విప్పి చూపిస్తే తక్కినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మనిషి కావాలంటే నన్ను పిలవండి, నా బాల్‌పెన్నుతో వస్తాను.

ప్రభువునందు మీ సహోదరి,
లెప్రసీ విభాగం విశ్రాంత ఉద్యోగిని